లాంగ్ బెల్ ముందే కొట్టిన రోజు

నమస్తే అండీ. పోయిన వర్షాకాలంలో ఒక రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకి మా పాప బడిలో లాంగ్ బెల్ కొట్టేశారు. బయట కుండపోత. పిల్లల్ని ఇంటికి పంపేయమని పైనుంచి చెప్పారట. ఆ మాట పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసరికి ఒంటిగంటా పది అయింది. ఆ నలభై నిమిషాలూ మా పాప గేటు పక్కన గోడనానుకుని, ఆటో అన్న కోసం చూస్తూ నిలబడింది. ఆటో అన్న రోజూ వచ్చేది మూడున్నరకి. బడి వదిలేశారని ఆయనకు ఫోన్ చేసిన వాళ్లు లేరు, ఎందుకంటే ఆయన నంబరు మా దగ్గరే ఉంది, బడి దగ్గర లేదు.

పాపకి ఏమీ కాలేదండీ. బట్టలు తడిశాయి, రాత్రికి కాస్త ఒళ్లు వెచ్చబడింది, అంతే. కానీ ఆ రోజు నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. వాన ఎక్కువైతే సెలవు ఇస్తారు, పిల్లల్ని పంపేస్తారు. బడి మూసేస్తే పిల్లలు భద్రంగా ఉన్నట్టేనా?

2024 ఆగస్టు 31 మీకు గుర్తుండే ఉంటుంది. గుంటూరు, విజయవాడ వైపు ఎడతెగని వాన. వానల వల్ల బడికి సెలవు ఇచ్చేస్తే, గుంటూరు జిల్లాలో ఒక టీచరు ఇద్దరు విద్యార్థుల్ని తన కారులో ఎక్కించుకుని ఇళ్లకు బయల్దేరారు. ఉప్పలపాడు దగ్గర పొంగుతున్న వాగులో ఆ కారు కొట్టుకుపోయింది. ముగ్గురూ చనిపోయారు. ఆ టీచరు చేసింది మంచి పని. పిల్లల్ని రోడ్డు మీద వదలకుండా తనే దింపుదామనుకున్నారు. ఆయన్ని ఒక్క మాట అనడానికి కూడా నాకు నోరు రాదు. నా బాధంతా వేరే. అలాంటి వానలో పిల్లల్ని బయటికి పంపాలా, వాన తగ్గేదాకా బడిలోనే ఉంచాలా అన్నది ఆ ఉదయం అప్పటికప్పుడు ఒక్కరు తేల్చుకోవలసిన విషయం కాకూడదు. అది జూన్‌లో, బళ్లు తెరిచిన వారంలోనే, తల్లిదండ్రులతో కూర్చుని రాసిపెట్టుకోవలసిన విషయం.

మర్నాడు, సెప్టెంబరు 1న, బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మీద పడింది. ఆ రోజు ఆదివారం. అంతకు పదేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను విశాఖలో తీరం దాటింది. అది కూడా ఆదివారమే. హుద్‌హుద్ వస్తోందని ముందే తెలుసు కాబట్టి ఏ రోజైనా బళ్లు మూసే ఉండేవి. బుడమేరు అలా చెప్పి రాలేదు. అదే నీళ్లు ఏ మంగళవారమో పదకొండు గంటలకు వచ్చి ఉంటే, ఒక్కో బడిలో వందల మంది పిల్లలు, బయట నడుముల్లోతు నీళ్లు, ఇళ్ల దగ్గర మనం.

అలాంటి ఒక మధ్యాహ్నం జపాన్‌లో నిజంగానే వచ్చింది. 2011 మార్చి 11, శుక్రవారం, 2 గంటల 46 నిమిషాలు. పెద్ద భూకంపం. ఇషినోమాకి అనే ఊరి పరిధిలో ఒకావా ప్రాథమిక పాఠశాల ఉండేది. సముద్రానికి దాదాపు 4 కిలోమీటర్ల లోపల, నది ఒడ్డున. భూమి కంపించడం ఆగగానే టీచర్లు పిల్లల్ని గ్రౌండ్‌లోకి తెచ్చి వరుసల్లో నిలబెట్టారు. అంతవరకు ఏ తప్పూ లేదు. తర్వాత ఎక్కడికి వెళ్లాలో తేలలేదు. బడి వెనకే గుట్ట ఉంది, పిల్లలు పాఠాల్లో భాగంగా ఎక్కే గుట్టే అది. కొందరు తల్లిదండ్రులు వచ్చి తమ పిల్లల్ని తీసుకెళ్లారు. మిగిలినవాళ్లు సుమారు 50 నిమిషాలు ఆ గ్రౌండ్‌లోనే ఉన్నారు. చివరికి వంతెన దగ్గరి కాస్త ఎత్తైన చోటికి బయల్దేరేసరికి సునామీ నీళ్లు వచ్చేశాయి. 74 మంది పిల్లలు, 10 మంది టీచర్లు పోయారు.

ఆ బడికి ప్రమాద సమయంలో ఏం చేయాలో రాసిన మాన్యువల్ ఉంది. సునామీ వస్తే ఎక్కడికి వెళ్లాలి అన్న చోట "దగ్గరలోని ఖాళీ స్థలం, పార్కు వగైరా" అని రాసి ఉంది. అంతే. ఏ ఖాళీ స్థలం? ఏ పార్కు? పేరు లేదు. పిల్లల్ని పోగొట్టుకున్న కొన్ని కుటుంబాలు కోర్టుకు వెళ్లాయి. 2018లో సెండై హైకోర్టు చెప్పిన తీర్పు నేను చాలాసార్లు తలచుకుంటాను. తప్పు ఆ మధ్యాహ్నం గ్రౌండ్‌లో మాత్రమే జరగలేదు, అంతకు ముందే, ఆ మాన్యువల్‌ని సరిగా తయారు చేయకపోవడంలోనే జరిగింది అని. 2019లో అక్కడి సుప్రీంకోర్టు దాన్నే నిలబెట్టింది.

"వగైరా" అన్న మాట దగ్గర నేను ఆగిపోయానండీ. మన దగ్గర ఎన్ని కాగితాల్లో ఉంటుంది ఆ మాట!

అదే రోజు, అదే తీరంలో, కమాయిషి అనే ఊళ్లో ఇంకో కథ జరిగింది. అక్కడ ఉనొసుమాయి ప్రాంతంలో హైస్కూలు వయసు పిల్లలు భూకంపం ఆగగానే ఎత్తుకు పరుగు తీశారు. పక్కనున్న ప్రాథమిక పాఠశాల పిల్లల్ని అప్పటికి మూడో అంతస్తుకు చేర్చారు. పెద్దపిల్లలు పరుగెడుతున్నారని చూసి చిన్నపిల్లలూ దిగి వాళ్ల వెంట వెళ్లారు. పెద్దవాళ్లు చిన్నవాళ్ల చేయి పట్టుకున్నారు. ముందు అనుకున్న చోటికి చేరాక, వెనక కొండచరియ విరిగి ఉండటం చూసి, ఇక్కడ కాదు ఇంకా పైకి అనుకున్నారు. అలా సుమారు 570 మంది బతికారు. ఆ మూడంతస్తుల బడి నీళ్లలో మునిగిపోయింది.

ఆ తీరంలో "తెందెన్కో" అని ఒక పాత మాట ఉంది. సునామీ వస్తే ఎవరికి వాళ్లు ఎత్తుకు పరుగెత్తాలి, ఒకరి కోసం ఒకరు ఆగకూడదు అని. వినడానికి చాలా కఠినంగా ఉంటుంది. నాకూ మొదట గుండె ఒప్పుకోలేదు. తర్వాత అర్థమైంది. తల్లి బిడ్డ కోసం బడి వైపు పరుగెత్తకుండా ఉండాలంటే, నా బిడ్డ ఈపాటికి కొండ ఎక్కేసి ఉంటుందని తల్లికి నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం ఆ రోజు మెసేజ్‌తో రాదు. ముందే ఇంట్లో మాట్లాడుకుని, బడిలో ప్రాక్టీస్ చేసి ఉంటేనే వస్తుంది.

మన విషయానికి వద్దాం. తమిళనాడు కుంభకోణంలో 2004 జూలై 16న బడి వంటగదిలో మొదలైన మంట ఆకుల కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ ప్రమాదం తర్వాత వేసిన ఒక పిటిషన్ మీద 2009లో సుప్రీంకోర్టు ప్రతి బడిలో మంటలు ఆర్పే పరికరాలు ఉండాలని, టీచర్లకు శిక్షణ ఇవ్వాలని ఆదేశించింది. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ బడుల భద్రత మీద మార్గదర్శకాలు తెచ్చింది. ప్రతి బడికీ సొంత ప్రణాళిక ఉండాలంటాయి అవి. కాబట్టి కాగితం ఉండే ఉంటుంది. అడిగితే చూపిస్తారు కూడా. గోడకు ఎర్ర సిలిండర్లు మేమూ చూస్తున్నాం. కానీ ఆ కాగితంలో తల్లిదండ్రులు ఎక్కడ ఉన్నారు?

టీవీలో ఏదైనా వార్త రాగానే మనం చేసే మొదటి పని బండి తీసుకుని బడికి పరుగెత్తడం. తప్పని ఎలా అంటాను, నేనూ పరుగెత్తాను. కానీ అందరం ఒకేసారి వెళ్తే బడి సందులో వంద బైకులు అడ్డంగా ఉంటాయి, ఫైరింజన్ లోపలికి రాలేదు. గేటు దగ్గర తోపులాట. ఎవరి పిల్లని ఎవరు తీసుకెళ్లారో రాసుకునే తీరిక టీచరుకు ఉండదు. నాన్న తీసుకెళ్లిన పాప కోసం అమ్మ బడి అంతా వెతుకుతూ ఉంటుంది.

జపాన్‌లో పిల్లల్ని అప్పగించడానికే విడిగా డ్రిల్ చేస్తారు. తల్లిదండ్రులు నిజంగా బడికి వస్తారు, ముందే ఇచ్చిన కార్డులో పేరున్న వాళ్లకే పిల్లని అప్పగించి, టైము రాసుకుంటారు. సునామీ హెచ్చరిక ఉన్నంతసేపు పిల్లల్ని పంపకుండా, వచ్చిన తల్లిదండ్రుల్ని కూడా అక్కడే ఉంచాలని నియమం పెట్టుకున్న బళ్లు చాలా ఉన్నాయి. అమెరికాలో ఉండే మా చెల్లి కూడా చెబుతుంటుంది, ఏటా బడి తెరవగానే ఎమర్జెన్సీలో పిల్లని ఎవరు తీసుకెళ్లొచ్చో రాసివ్వాలని, వెళ్లినప్పుడు ఐడీ చూపించాలని.

దీనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు, గమనించండి. ఒక రిజిస్టరు చాలు. అందులో మన నంబరుతో పాటు ఆటో అన్నదో వ్యాన్ డ్రైవరుదో నంబరు, మనం దొరక్కపోతే వచ్చే ఇంకో మనిషి పేరు ఉండాలి. అది కాగితం మీదే ఉండాలి. హుద్‌హుద్ తర్వాత విశాఖలో కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు. అలాంటప్పుడు వాట్సాప్ గ్రూపు ఎందుకు పనికొస్తుంది? ఫోన్లు పనిచేయకపోతే పిల్లలు బడిలోనే ఉంటారా, పక్క వీధి కల్యాణమండపానికి తీసుకెళ్తారా? ఆ మండపం పేరు మనకు ముందే తెలిసి ఉండాలి. ఫోన్లు పనిచేస్తే మెసేజ్ పంపేది ఒక్కరే అయి ఉండాలి, లేకపోతే పాత సంవత్సరం సెలవు సర్క్యులర్ తేదీ మార్చి ఎవరో పెడతారు, సగం మంది దాన్నే నమ్ముతారు.

మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఈ మాటలే అడిగాను. టీచర్లకు కోపం వస్తుందేమోనని టెన్షన్ పడ్డాను. రాలేదు. క్లాస్ టీచరు అక్కడే డైరీ తీసి, ఆటో నంబర్లు రాసుకోవడం మొదలుపెట్టారు. "మాకూ భయమేనండీ, ముప్ఫై ఎనిమిది మంది నా ఒక్కదాని చేతిలో ఉంటారు" అన్నారావిడ. మండపం సంగతి హెడ్మాస్టరు గారితో మాట్లాడి చెబుతామన్నారు. వచ్చే మీటింగ్‌లో మళ్లీ అడుగుతాను.

ఇంట్లో నా వంతు పని నేను చేస్తున్నాను. మా పాప ఇప్పుడు రెండు ఫోన్ నంబర్లు చూడకుండా చెబుతుంది, నాది, వాళ్ల అమ్మమ్మది. పక్కింటి అత్తయ్యది ఈ వారం నేర్చుకుంటోంది. చివరి నాలుగు అంకెల దగ్గర ఇంకా తడబడుతోంది.