లస్కరు డ్యూటీలో ఉన్నాడు

శ్రోతలకు నమస్కారం.

పోయిన వేసవిలో తెనాలి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పాతికేళ్లుగా షుగరు. అంతకు మూడు వారాల ముందే డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మందు మొదలుపెట్టాం. రక్తపరీక్ష కాగితం బల్లమీద పెట్టి, "1.4 ఉన్న క్రియాటినిన్ 1.6 అయింది. మందు నాకు పడలేదు డాక్టరుగారూ" అన్నారు. క్రియాటినిన్ అంటే మూత్రపిండాలు రక్తంలోంచి వడకట్టి పంపేసే వ్యర్థం. అది పెరిగితే వడపోత తగ్గిందని అర్థం.

ఆయనకు ప్రకాశం బ్యారేజీ సంగతి చెప్పాను. కాలువలో నీరు ఎక్కువైందని కబురొస్తే, పైన లస్కరు షట్టరు కాస్త దించుతాడు. రోజుకు 180 లీటర్లు వడకట్టి లీటరున్నర మాత్రమే బయటికి వదిలే మూత్రపిండంలోనూ అలాంటి లస్కరు ఉన్నాడు. అందులోని ప్రతి సన్నని గొట్టమూ వంకలు తిరిగి, తాను బయలుదేరిన జల్లెడ గుమ్మానికే వచ్చి ఆనుకుంటుంది. అక్కడి కణాలు ఉప్పు రుచి చూస్తాయి. ఎక్కువనిపిస్తే ఏటీపీని బయటికి వదులుతాయి.

బైపీసీ చదివినవారికి ఏటీపీ అంటే కణానికి ఇంధనం. గడప దాటితే మాత్రం అది కబురు. 1972లో జెఫ్రీ బర్న్‌స్టాక్ అనే శాస్త్రవేత్త ఈ మాటంటే చాలామంది నమ్మలేదు. అంత విలువైన సరుకును కణం వీధిలో పోసుకుంటుందా అని వాళ్ల అనుమానం. నిజానికి బయటపడ్డ ఏటీపీని ఎంజైములు కత్తిరించి అడినోసిన్‌గా మారుస్తాయి. గుండె రక్తనాళాలను వెడల్పు చేసే ఆ అడినోసినే, ఇక్కడ జల్లెడకు రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తుంది. షట్టరు దిగుతుంది. (కాఫీలోని కెఫీన్ ఈ అడినోసిన్‌కే అడ్డుపడుతుంది. కొత్తగా కాఫీ పట్టినవారు మాటిమాటికీ మూత్రానికి లేవడానికి అదొక కారణం.)

షుగరు వ్యాధిలో గొట్టం మొదట్లోనే చక్కెరతోపాటు ఉప్పునూ అతిగా పీల్చేసుకుంటుంది. కాపలా కణాలకు ఉప్పు అందదు. నీరు తక్కువైందనుకుని తలుపు బార్లా తెరుస్తాయి. ఏళ్లతరబడి ఆ ఒత్తిడికి జల్లెడ చిరుగుతుంది. ఈ మందు చక్కెరనూ ఉప్పునూ కిందికి పోనిస్తుంది, దాంతో కబురు మళ్లీ అందుతుంది. అది మేలు చేసే దారుల్లో ఇదొకటి. షట్టరు దిగింది కనుక మొదట్లో క్రియాటినిన్ కొద్దిగా పెరుగుతుంది. పెరుగుదల 30 శాతం దాటితే వేరే కారణం వెతుకుతాం.

అలాగని అడినోసిన్‌తో ఆటలాడటం తేలిక కాదు. దాన్ని అడ్డుకునే రోలోఫిల్లిన్ అనే మందును రెండువేల మందికి పైగా గుండె వైఫల్య రోగులతో పరీక్షించారు. 2010లో వచ్చిన ఫలితం నిరాశే.

పెద్దాయన మందు మానలేదు. రెండు నెలల తర్వాత వచ్చినప్పుడు కాగితం జేబులోనే ఉంచుకుని, "1.5 అండీ. లస్కరు డ్యూటీలోనే ఉన్నాడు" అన్నారు.