‘మీరెక్కడున్నారు?’: అమెరికా పల్లె కౌంటీలో 911 పనితీరుపై చర్చ

(స్టూడియో చర్చ పాఠం. పాల్గొన్నవారు: అమెరికా మధ్య పశ్చిమ ప్రాంతంలోని ఒక గ్రామీణ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా వంటి పాలనా విభాగం) డిస్పాచర్‌గా, అంటే అక్కడి అత్యవసర నంబరు 911కు వచ్చే ఫోను ఎత్తి సహాయం పంపే ఉద్యోగిగా పనిచేస్తున్న తెలుగు మహిళ, అటువంటి మరో కౌంటీలో చిన్న ఆసుపత్రి అత్యవసర విభాగం వైద్యుడు, హైదరాబాదులో 108 సేవలో పనిచేసి విరమించిన అధికారి.)

సంధానకర్త: నమస్కారం. అమెరికా తెలుగువారు అనగానే మనకు పెద్ద నగరాలే గుర్తుకొస్తాయి. కానీ జె-1 వీసా మినహాయింపు (శిక్షణ ముగిశాక స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న షరతు నుంచి సడలింపు) కింద మూడేళ్లపాటు వైద్యుల కొరత ఉన్న ప్రాంతాల్లో పనిచేసే మన డాక్టర్లలో చాలామంది పల్లె కౌంటీల్లోనే ఉంటారు, రాత్రిపూట వందల మైళ్లు కారు నడుపుకుంటూ వెళ్లే మన పిల్లలూ ఆ కౌంటీల మీదుగానే వెళ్తారు. అక్కడ 911 నొక్కితే ఫోను ఎత్తేది ఎవరు, ఎత్తిన తర్వాత ఏం జరుగుతుంది అన్నది ఈరోజు మాట్లాడుకుందాం. ముందుగా మీ గది ఎలా ఉంటుందో చెప్పండి.

డిస్పాచర్: మా కౌంటీ మన జిల్లా అంత విశాలం, జనాభా మాత్రం ఒక చిన్న మండలంలో ఉండేంతే. షెరీఫ్ (కౌంటీ పోలీసు అధిపతి) కార్యాలయాన్ని ఆనుకొని ఉన్న గదిలో రాత్రి షిఫ్టులో ఇద్దరం ఉంటాం. ఒకరు భోజనానికి లేస్తే ఆ కాసేపు కౌంటీ మొత్తానికి ఒక్కరే. ఎదురుగా వరుసగా తెరలుంటాయి, కాలి కింద ఒక పెడల్ ఉంటుంది. చేతులు టైపు చేస్తుండగానే ఆ పెడల్ తొక్కి రేడియోలో మాట్లాడతాం. పెద్ద నగరాల్లో ఫోను ఎత్తేవారు వేరు, వాహనాలను పంపేవారు వేరు. మా దగ్గర రెండు పనులూ ఒకే మనిషివి కాబట్టి, ఒక చెవిలో ఏడుస్తున్న తల్లి మాట వింటూనే రెండో చెవిలో డెప్యూటీకి, అంటే షెరీఫ్ కింద పనిచేసే పోలీసుకు దారి చెప్పాలి. మేము మొట్టమొదట అడిగేది ఏమైందని కాదు, ఎక్కడ అని. ఎక్కడో తెలిసిన తర్వాత లైను తెగిపోయినా మనిషిని పంపగలం. ఏమైందో అంతా చెప్పి, ఎక్కడో చెప్పకముందే ఫోను ఆగిపోతే చేతులు కట్టుకుని కూర్చోవడమే.

సంధానకర్త: ఫోను ఎక్కడి నుంచి వచ్చిందో మీ తెర మీద కనిపిస్తుంది కదా అని చాలామంది నమ్మకం.

డిస్పాచర్: ల్యాండ్‌లైన్ అయితే ఇంటి చిరునామా వెంటనే వస్తుంది. ఇప్పుడు వచ్చేవాటిలో అత్యధికం మొబైల్ కాల్సే. మొబైల్ నుంచి వస్తే తరచుగా మొదట కనిపించేది టవరు చిరునామా. మేము మరోసారి అడిగిన తర్వాత అక్షాంశ రేఖాంశాలు వస్తాయి, అవి కూడా ఒక వృత్తం లోపల ఎక్కడో ఒకచోట అన్నట్టుగా ఉంటాయి. పల్లెల్లో టవర్లు దూరదూరంగా ఉండటం వల్ల, నది ఇవతలి గట్టున నిలబడి ఫోను చేస్తే అవతలి కౌంటీకి మోగుతుంది. వాళ్లు వివరాలు విని మాకు బదిలీ చేసేసరికి అమూల్యమైన సమయం పోతుంది. టవరును బట్టి కాకుండా ఫోను ఉన్న చోటును బట్టి కాల్‌ను పంపాలని అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2024లో మొబైల్ సంస్థలకు నిబంధన పెట్టింది. మాలాంటి సరిహద్దు ఊళ్లకు దానికి మించిన మేలు లేదు.

108 మాజీ అధికారి: ఈ ‘ఎక్కడ’ అన్న ప్రశ్నతో మేమూ తల పట్టుకున్నవాళ్లమే. 2005 ఆగస్టు 15న 108 మొదలైనప్పుడు రాష్ట్రం మొత్తానికి ఫోను ఎత్తేది హైదరాబాదు కేంద్రంలోనే. ‘కొత్తపల్లి’ అంటే ఏ కొత్తపల్లి? ఆ పేరుతో ఎన్ని ఊళ్లున్నాయో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. జిల్లా, మండలం అడిగి, ఆ తర్వాత వాటర్ ట్యాంకు పక్కనా, రామాలయం వెనకా అని అడిగి, ఆఖరికి పైలట్ చేత నేరుగా మాట్లాడించేవాళ్లం. 108లో డ్రైవరును పైలట్ అంటాం. ఊరివాళ్లు ఒకరిని రోడ్డు మీదకు పంపి నిలబెడితే పని సులువయ్యేది. అమెరికాలో ఇంటింటికీ నంబరు ఉంటుంది కదా, వాళ్లకు ఈ బాధ లేదనుకున్నాను.

డిస్పాచర్: ఆ నంబర్లు కూడా 911 కోసమే వచ్చాయండి. అంతకుముందు పల్లె ఇళ్లకు ఉన్నది తపాలా దారి పేరు, పెట్టె సంఖ్య మాత్రమే. అవి ఉత్తరం పంచడానికి సరిపోతాయి గాని అంబులెన్సుకు దారి చూపవు. అందుకని కౌంటీలు పేరులేని మట్టిరోడ్లకు కూడా పేర్లు పెట్టి, ఇళ్లకు దూరాన్ని బట్టి నంబర్లు వేశాయి. చాలాచోట్ల లెక్క మైలుకు వెయ్యి. ఇంటి నంబరు 4250 అంటే రోడ్డు మొదలైన చోటి నుంచి నాలుగుంపావు మైళ్లు వెళ్లాలన్నమాట. సరిసంఖ్యలు ఒక పక్క, బేసివి రెండో పక్క. చీకట్లో తెలియని రోడ్డు మీద వెళ్లే డ్రైవరుకు ఆ ఒక్క అంకె కళ్లిచ్చినట్టు పనిచేస్తుంది.

సంధానకర్త: అసలు ఈ 911 నంబరు కూడా చిన్న ఊళ్లోనే పుట్టింది కదా.

డిస్పాచర్: అవును, 1968 ఫిబ్రవరి 16న అలబామాలోని హేలీవిల్ అనే చిన్న పట్టణంలో. ఆ రాష్ట్ర శాసనసభ స్పీకర్ రాంకిన్ ఫైట్ మేయరు కార్యాలయం నుంచి నొక్కితే, కాంగ్రెస్ సభ్యుడు టామ్ బెవిల్ పోలీస్ స్టేషనులో ఎర్ర ఫోను ఎత్తారు.

సంధానకర్త: డాక్టరు గారూ, అంబులెన్సు వచ్చేలోపు ఫోనులోనే వైద్యం మొదలవుతుందంటారు.

వైద్యుడు: గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం మొదలుపెట్టకపోతే గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. అంబులెన్సుకు ఇరవై నిమిషాలు పట్టే చోట ఈ లెక్క ఏం చెబుతుందో ఆలోచించండి. అందుకే నేను మొహమాటం లేకుండా ఒక మాట చెబుతాను: మా కౌంటీలో మొదటి వైద్యసహాయం డిస్పాచరుదే, నాది కాదు. 1970ల చివర సాల్ట్ లేక్ సిటీలో డాక్టర్ జెఫ్ క్లాసన్ తయారుచేసిన ప్రశ్నల కార్డులతో ఇది ఒక పద్ధతిగా ఎదిగింది. ఇంత బాధ్యత మోసే మనుషుల్ని అమెరికా ప్రభుత్వపు 2018 వృత్తుల వర్గీకరణ గుమాస్తాల పద్దులోనే ఉంచింది. అది అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

డిస్పాచర్: జనవరిలో ఒక రాత్రి, విపరీతంగా మంచు పడుతుండగా ఒక రైతు భార్య ఫోను చేసింది. చిరునామా చెప్పింది, భర్త వంటింట్లో పడిపోయాడంది. ‘స్పృహలో ఉన్నాడా, మామూలుగా ఊపిరి తీస్తున్నాడా’ అన్న రెండు ప్రశ్నలకూ లేదంది. అప్పటికే మా సహోద్యోగి వాలంటీరు ఫైర్ సిబ్బంది పేజర్లను మోగించింది. మా దగ్గర ఫైర్ స్టేషనులో జీతగాళ్లు ఉండరు. పాలు పితికే మనిషి, బడి బస్సు నడిపే మనిషి పక్కమీద నుంచి లేచి వస్తారు. కొన్ని నిమిషాల్లో ఎవరూ జవాబివ్వకపోతే మళ్లీ మోగిస్తాం, అప్పటికీ లేకపోతే పక్క కౌంటీని అడుగుతాం. ఇక్కడ నేను ఆమెతో ఫోను స్పీకరులో పెట్టించి, అరచేతిని ఛాతీ మధ్యలో ఆనించి రెండంగుళాల లోతుకు నొక్కమని, నాతోపాటు పైకి లెక్కపెట్టమని చెప్పాను. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ఆమె అలిసిపోయి ఆగితే నేను ఆగలేదు, లెక్కపెడుతూనే ఉన్నాను. మంచులో నంబరు పలక కప్పుకుపోయి ఉంటుందని, వాళ్ల అబ్బాయితో వాకిట్లో దీపాలన్నీ వేయించి ట్రక్కు హెడ్‌లైట్లు రోడ్డు వైపు తిప్పించాను. ఇరవై రెండు నిమిషాల తర్వాత తలుపు చప్పుడు వినబడింది.

వైద్యుడు: అటువంటివారిని తెచ్చేది మాలాంటి ఆసుపత్రికి. ఇరవై అయిదు పడకలకు మించని ఈ చిన్న ఆసుపత్రుల్లో గుండె నిపుణులు ఉండటం అరుదు, అందుకని కొందరిని హెలికాప్టరులో పంపుతాం. దాన్ని పిలిచేది, దిగేందుకు వంద అడుగుల పొడవూ వెడల్పూ ఉన్న చదునైన చోటు చూసిపెట్టించేది కూడా డిస్పాచరే. మంచు పడుతుంటే హెలికాప్టరు లేవదు, అప్పుడు రోడ్డే దిక్కు.

సంధానకర్త: ఈ వ్యవస్థ అసలు పనిచేయని రోజు ఉంటుందా?

డిస్పాచర్: ఉంది. 2024 ఏప్రిల్ 17న కాన్సాస్ సిటీ దగ్గర దీపస్తంభం పాతుతుండగా ఫైబరు తీగ తెగి, ఎక్కడో దూరాన ఉన్న దక్షిణ డకోటా, నెబ్రాస్కాలలో చాలాచోట్ల 911 మూగబోయింది. అందుకే షెరీఫ్ కార్యాలయం మామూలు నంబరు కూడా రాసి పెట్టుకోవాలి.

108 మాజీ అధికారి: మన ఊళ్ల నుంచి పిల్లల దగ్గరకు వెళ్లే పెద్దవాళ్లకు ఇంగ్లీషు రాదు. వాళ్లు ఏం చేయాలి?

డిస్పాచర్: 911 నొక్కి ‘తెలుగు’ అన్న ఒక్క మాట చెబితే చాలు, ఫోనులో దుభాషీని కలుపుతాం. అందుకు కొంత సమయం పడుతుంది కాబట్టి, ఇంటి చిరునామాను ఇంగ్లీషు అంకెల్లో పెద్దగా రాసి ఫ్రిజ్ మీద అతికించండి, అంకెలు చదవడం నేర్పండి. పొరపాటున నొక్కితే భయపడి పెట్టేయవద్దు; పెట్టేస్తే మేము తిరిగి చేయాలి, ఎత్తకపోతే డెప్యూటీని పంపాల్సి రావచ్చు. పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చే సిమ్ లేని పాత ఫోను నుంచి కూడా 911 మోగుతుంది, దానికి మేము తిరిగి ఫోను చేయలేము.

సంధానకర్త: ఆ రైతు సంగతి ఏమైంది?

డిస్పాచర్: తెలియదండి. ‘వచ్చారు’ అని ఆమె అనగానే లైను వదిలేశాను, అప్పటికే ఇంకొక లైను మోగుతోంది. ఆసుపత్రికి వెళ్లిన తర్వాత మాకు ఎవరూ చెప్పరు.

వైద్యుడు: మా దగ్గరా మొదట చెప్పేవారు కాదు. ఇప్పుడు గుండె ఆగిన ప్రతి కేసుకూ, రోగి పేరు లేకుండా, ‘బతికారు’ లేక ‘బతకలేదు’ అని డిస్పాచ్ గదికి నేనే ఒక ముక్క రాసి పంపుతున్నాను.