మోసినవారి మాట

సభకు నమస్కారం. ఆహ్వానపత్రంలో నా అంశం ‘ఓటమి ఎరుగని సేనాని పాల్ ఫాన్ లెట్టో-ఫోర్బెక్’ అని అచ్చయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో తూర్పు ఆఫ్రికాలో జర్మన్ సేనను నడిపినవాడు ఆయన. ఐరోపాలో యుద్ధం ఆగిన రెండు వారాలకు, 1918లో ఇదే నవంబర్ 25న, ఆయన నేటి జాంబియాలోని అబర్‌కార్న్‌లో ఆయుధాలు అప్పగించాడు.

1870లో పుట్టిన ఈ జర్మన్ అధికారి చైనాలో బాక్సర్ తిరుగుబాటు అణచివేతలో పాల్గొన్నాడు. ఆ తరువాత నైరుతి ఆఫ్రికాలో హెరెరో జాతి నిర్మూలనకు పూనుకున్న జర్మన్ సేనాని ఫాన్ ట్రోథా కొలువులో పనిచేశాడు. ఈ రెండో సంగతిని ఆయనను పొగిడేవారు దాటవేస్తారు. 1914 నవంబర్‌లో నేటి టాంజానియాలోని టాంగా రేవులో బ్రిటిష్ పక్షాన దిగిన సుమారు 8,000 మందిని, అందులో అత్యధికులు మన భారతీయ సిపాయిలే, వెయ్యిమందితో తిప్పికొట్టాడు. 1919లో బెర్లిన్ ఆయనకు వీరుడిగా స్వాగతం పలికింది.

అయితే నాలుగేళ్ల ఆ యుద్ధాన్ని మోసింది ఎవరు? ట్సెట్సీ ఈగ కుట్టిన గుర్రమూ ఎద్దూ బతకని ఆ నేలలో తూటాల పెట్టె మొదలు పిండి మూట వరకు ప్రతిదీ మనిషి తల మీదనే కదిలింది. ఒక్కొక్కరి తలపై సుమారు పాతిక కిలోలు. రుఫీజీ నదిలో 1915లో నాశనమైన క్యోనిగ్స్‌బర్గ్ అనే జర్మన్ యుద్ధనౌక నుంచి ఊడదీసిన ఫిరంగులను వందలాది మంది తాళ్లు పట్టి అడవిలో ఈడ్చారు. బ్రిటిష్ పక్షాన మరణించిన మోతకూలీలే దాదాపు 95,000 మందని చెబుతారు. జర్మన్ పక్షాన సరైన లెక్కే లేదు. సభ్యులారా, ఈ మాట మళ్లీ చెబుతాను: లెక్కే లేదు.

1964లో, ఆ సేనాని మరణించిన ఏడాదే, ఆయన కింద పోరాడిన ఆఫ్రికన్ సిపాయిలకు, అంటే అస్కారీలకు, బాకీ జీతం చెల్లించాలని జర్మన్ పార్లమెంటు నిర్ణయించింది. డబ్బు పంచే చోటికి వచ్చిన ముసలివారిలో చాలామంది దగ్గర కాగితం లేదట. అప్పుడు అధికారి ఒక్కొక్కరి చేతికి చీపురు ఇచ్చి, తుపాకీ కవాతు ఆజ్ఞలను జర్మన్‌లో పలికాడనీ, ఒక్కరూ తప్పలేదనీ చెబుతారు. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పిన నేను ఈ కథను ప్రతి తరగతికీ ఉత్సాహంగా వినిపించాను. ఆ వరుసలో ఒక మోతకూలీ నిలబడి ఉంటే అతడిని ఏ ఆజ్ఞతో పరీక్షించేవారన్న ప్రశ్న నాకు చాలా ఆలస్యంగా తట్టింది. మూట ఎత్తుకోవడానికి కవాతు ఉండదు కదా.

టాంజానియాలోని దారెస్సలాం నగరంలో కరియాకో అనే పెద్ద బజారు ఉంది. బ్రిటిష్ వారి ‘క్యారియర్ కోర్’ అనే మోతకూలీల దళం పేరే అక్కడివారి నోట అలా మారింది. ఆ మనుషుల పేర్లు పోయి, దళం పేరు బజారుకు మిగిలింది.

అధ్యక్షులవారికి నా విన్నపం ఒక్కటే. వచ్చే నవంబర్‌లో ఇదే వేదిక మీద ‘మోతకూలీల దళం’ అన్న అంశాన్ని అచ్చు వేయించండి. పిలిచినా పిలవకపోయినా నేను వస్తాను.