పాత ఇంటికి చెద: ముందు తడి సంగతి, ఆ తర్వాతే మందు

శ్రోతలకు నమస్కారం.

తొలకరి పడిన రాత్రి దీపం చుట్టూ ఉసుళ్లు మూగుతాయి. తెల్లారేసరికి గుమ్మం దగ్గర రెక్కలు కుప్పగా రాలి ఉంటాయి. ఊడ్చి పారేసి మన పనిలో పడిపోతాం. ఊడ్చే ముందు ఆ రెక్కలు ఎక్కడ రాలాయో ఒకసారి చూడండి. ఉసుళ్లంటే రెక్కలొచ్చిన చెదపురుగులే. బయటినుంచి దీపానికి వచ్చాయంటే కంగారు లేదు. తలుపులు, కిటికీలు మూసి ఉన్న గదిలో గోడ పగుల్లోంచో, ద్వారబంధం మొదట్లోంచో బయటికొచ్చాయంటే మాత్రం మన ఇంట్లోనో, ఇంటి కిందో చెద ఎప్పటినుంచో కాపురం ఉంటోందన్నమాట. పుట్ట పెట్టిన కొన్నేళ్లకు గాని ఉసుళ్లు బయటికి రావు.

మాది కోనసీమలో పెంకుటిల్లు. మా తాతగారు కట్టించారు. టేకు ద్వారబంధాలు, తాటి దూలాలు, గానుగ సున్నం గోడలు. కొన్నేళ్ల కిందట పడమటి గది ద్వారబంధం అడుగున బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంది, లోపల చెక్క లేదు. మా అమ్మ ప్రతి శుక్రవారం పసుపు రాసే గడప అది. ఆవిడ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

మందు కొట్టడానికి ఒకాయన్ని పిలిచాం. గోడా నేలా కలిసేచోట అడుగుకో బెజ్జం, బెజ్జానికి లీటరు మందునీళ్లు. పద్ధతి ప్రకారం అంతే. బయటి గోడలు, లోపలి గోడలు కలిపి లెక్కేస్తే మా ఇంటికి దాదాపు 200 లీటర్లు తేలింది. అంతా చెప్పారు గాని, నుయ్యి ఎక్కడుందని మాత్రం ఆయన అడగలేదు. మా నుయ్యి వంటింటి గోడకి ఆరడుగుల దూరంలో ఉంది. వానాకాలంలో నీళ్లు చేతికి అందేంత పైకొస్తాయి. ఆ నీళ్లే తాగుతాం. మర్యాదగానే ఆయన్ని పంపేశాను.

మందుల మీద నాకు పట్టుదలేమీ లేదు, భయం ఉంది. ఒకప్పుడు చెదకి ఆల్డ్రిన్, క్లోర్డేన్ పోసేవారు. అవి మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి, మన ఒంటి కొవ్వులో పేరుకుంటాయి. మన దేశంలో వాటిని 1996లో నిషేధించారు. వాటి స్థానంలో వచ్చిన క్లోరోపైరిఫాస్ చేపలకు తీవ్రమైన విషం. ఇలా ఏళ్ల తరబడి మిగిలిపోయే విషాలను వదిలించుకోవాలని దేశాలన్నీ కలిసి చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం కింద 2025లో దాన్ని కూడా, కొన్ని మినహాయింపులతో, వాడకం మానుకోవాల్సిన రసాయనాల్లో చేర్చారు. చేపల చెరువులు, నూతులు ఉన్న ఊళ్లలో ఈ సంగతి తెలిసే మందు పట్టుకోవాలి.

అసలు చెదకి ఏం కావాలి? కట్టె, చీకటి, తడి. చెదపురుగు చర్మం చాలా పల్చన. గాలి తగిలితే ఎండిపోతుంది. అందుకే గోడ మీద వేలి లావున మట్టి గొట్టం కట్టుకుని, దాని లోపలే నడుస్తుంది. మన ప్రాంతంలో కనిపించే కొన్ని రకాలు పుట్టలోపల బూజు తోట వేసి, మేసొచ్చిన కట్టెని దాని మీద అరగదీసుకుంటాయి. వానాకాలంలో ఏరుకొచ్చి కూర వండుకునే పుట్టకొక్కులు ఆ తోటలోవే. అంటే ఇంట్లో మనకి కనిపించేవి కూలీలు. రాణి ఎక్కడో భూమిలో ఉంటుంది. కిరసనాయిలు చల్లితే తగిలినవి చస్తాయి, అంతే. పైగా కట్టె ఇంట్లో అది నిప్పుతో చెలగాటం.

కట్టె లేకుండా పాత ఇల్లు ఉండదు. తడిని మాత్రం ఆపగలం. మా ఇంటి చుట్టూ నెమ్మదిగా తిరిగి చూస్తే మేం చేసిన తప్పులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. తాతగారు రెండడుగుల ఎత్తున పునాది లేపారు. మేం పెరట్లో మట్టి పోయించీ, గచ్చు మీద గచ్చు వేయించీ దాన్ని అరడుగుకి తెచ్చాం. చూరు నీళ్లు గోడ మొదట్లోనే పడుతున్నాయి. ఏసీ పైపు నీళ్లు సరిగ్గా ఆ పడమటి గది గోడ పక్కనే కారుతున్నాయి. కొబ్బరి డొక్కలు, మట్టలు గోడకి ఆనించి పేర్చాం. అన్నిటికన్నా పెద్ద తప్పు, సున్నం గోడ పెచ్చులూడుతోందని కింది భాగానికి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించడం. సున్నం గోడ పీల్చుకున్న తడిని బయటికి వదిలేస్తుంది. సిమెంటు పూస్తే ఆ తడి లోపలే చిక్కుకుని పైకెక్కుతుంది.

సిమెంటు చెక్కించి మళ్లీ సున్నమే పూయించాం. గోడ వెంట మట్టి తవ్వించి పునాది బయటపెట్టాం. చూరు కింద రేకు కాలువ కట్టి, నీళ్లు కొబ్బరిచెట్టు మొదటికి మళ్లించాం. డొక్కలు పెరటి చివరికి, రాళ్ల మీదికి పోయాయి. ద్వారబంధం తిన్న మేర అడుగున్నర కోసి, కింద నల్లరాయి పెట్టించాం. మండువా స్తంభాల కింద పాత వడ్రంగులు రాతి దిమ్మలు ఊరికే పెట్టలేదు. కట్టె నేలని తాకకపోతే చెద ఆ రాయి పైనుంచి, అందరికీ కనబడేలా మట్టి కట్టుకుంటూ ఎక్కాల్సిందే.

కొత్తగా అతికిన చెక్కకి రంగు వేయకముందే బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు బాగా పట్టించాం. ఆ మందు చెక్కలోకి ఇంకి ఉండిపోతుంది. వానకి కడుక్కుపోతుంది కాబట్టి చూరు నీడలోనే పనికొస్తుంది. కడుపులోకి పోతే ప్రమాదం, పిల్లలకి అందనివ్వకండి. వాసాలకీ, పడవలకీ జీడిగింజ తొక్కల నూనె పూయడం మన తీరప్రాంతంలో పాత అలవాటు. పలాస వైపు జీడిపిక్కలు కొట్టేవాళ్ల చేతులు చూసినవారికి తెలుసు, ఆ నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి.

ఇక నెలకోసారి టార్చిలైటు, స్క్రూడ్రైవరు పట్టుకుని ఇల్లంతా తిరుగుతాను. గడపలు, అటక, బీరువా వెనక, స్విచ్‌బోర్డు పక్కన. చెక్కని తడితే డొల్ల చప్పుడు వస్తోందా అని వింటాను. మట్టి గొట్టం కనిపిస్తే ఒకచోట చిన్నగా తెంపి, తేదీ రాసి పెడతాను. రెండు మూడు రోజుల్లో అతుక్కుంటే లోపల ప్రాణం ఉన్నట్టు.

అలా అతుక్కున్న చోట మేం ఎర పెట్టె పెట్టించాం. దాంట్లో చెదలు మెచ్చే మేత, చాలా కొద్దిగా మందు ఉంటుంది. ఆ మందు వెంటనే చంపదు, చెద కుబుసం విడవకుండా ఆపుతుంది. చెదలు ఒకదాని నోటి మేత ఇంకొకదానికి పెట్టుకుంటాయి కాబట్టి అది పుట్ట దాకా పోతుంది. నెలలు పడుతుంది. ఆ దగ్గర్లో ఇంకే స్ప్రే కొట్టకూడదు, మేత వదిలేసి దారి మార్చేస్తాయి. ఖర్చు కాస్త ఎక్కువే, కానీ 200 లీటర్లు నేలలోకి పోలేదు.

ఒక మాట మరిచాను. మట్టి లేకుండా, కుర్చీ కిందో మంచం కిందో గసగసాల్లాంటి రవ్వలు రాలుతుంటే అది ఎండు చెక్కలోనే బతికే వేరే రకం చెద. దానికి గోడలకి బెజ్జాలు వేయించుకోవద్దు, ఆ సామాను ఒక్కటి విడిగా బయటికి తీసి బాగు చేయించండి.

పోయిన తొలకరికి మా ఇంట్లో ఉసుళ్ల రెక్కలు అరుగు మీద, వీధి దీపం వైపు రాలాయి. గడప లోపల ఒక్కటీ లేదు. అమ్మ ఇప్పుడా నల్లరాయికే పసుపు రాస్తోంది. నూతినీళ్లే తాగుతున్నాం. సెలవు.