పార్కు తాళం, మర్రి నీడ, నాలుగేళ్ల పిల్లలు

శ్రోతలకు నమస్కారం.

చేవెళ్ల రోడ్డు మీద మీలో చాలామంది ప్రయాణం చేసే ఉంటారు. హైదరాబాదు నుంచి బీజాపూరు వెళ్లే దారి అది. అప్పా జంక్షన్ దాటాక మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్లు, రెండు పక్కలా ఊడలు దిగిన మర్రిచెట్లు. తొమ్మిది వందలకు పైనే ఉంటాయి. రోడ్డును వెడల్పు చేయాలనుకున్నప్పుడు వాటిని కొట్టేస్తారేమోనని నగరంలోని కొందరు మామూలు మనుషులు కదిలారు. వాళ్లు మొదట చేసిన పని నాకు బాగా నచ్చింది. చెట్టు చెట్టు దగ్గరికీ వెళ్లి లెక్కపెట్టారు, ఏ చెట్టు ఎక్కడుందో నమోదు చేశారు. తర్వాత పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఏళ్లు పట్టింది. చివరికి ఎక్కువ చెట్లు ఉన్నచోటే ఉండేలా రోడ్డు డిజైన్ మారింది.

చెట్టు ఉన్నచోటే ఉంటుంది, రోడ్డే కాస్త పక్కకు జరగాలి. వాళ్లు అడిగింది అంతే.

నేను చాలా ఏళ్లుగా బస్తీల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలతో పనిచేస్తున్నాను. ఈ మాట విన్నప్పుడు నాకు మా పిల్లలే గుర్తొచ్చారు. బడి దారిలో ఒక బిడ్డ అడ్డంగా నిలబడితే మనం ఏం చేస్తున్నాం? బిడ్డను తీసి పక్కన పెడుతున్నాం.

ఒక రోజు ఒక తల్లి నాలుగేళ్ల కొడుకును చంకనేసుకుని వచ్చింది. "మేడం, వీడు కూసోడు, మాట్లాడడు అని రెండు బళ్లల్ల వద్దన్నరు" అంది. ఆ బాబుకు ఇంకా మాటలు రాలేదు. రేకుల గదిలో పాతికమంది పిల్లలు ఒక్కసారి పాట అందుకుంటే చెవులు మూసుకుని గోడవైపు తిరిగేవాడు. ఒక్కోసారి గట్టిగా ఏడ్చేవాడు. మిగతా పిల్లలు భయపడేవాళ్లు, నాకూ టెన్షన్‌గా ఉండేది. ఒక వాన వెలిసిన పూట ఆయమ్మ వాణ్ని బయటికి తీసుకెళ్లింది. గుడి వెనక ఖాళీ జాగాలో ఆరుద్ర పురుగులు వచ్చాయి, ఎర్రటి మఖమల్ ముక్కల్లా. బాబు మోకాళ్ల మీద కూర్చుని అరగంట వాటినే చూశాడు. ఇంకో పాప వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒక ఆకు మీదికి పురుగును ఎక్కించారు. కూర్చోడు అన్న పిల్లవాడు కూర్చున్నాడు, ఎవరితోనూ కలవడు అన్న పిల్లవాడు కలిశాడు. మేం మార్చింది ఆ చోటును మాత్రమే.

అసలు అంగన్వాడీ అనే మాటలోనే అంగణం ఉంది, ఇంటి ముందు వాకిలి. మహారాష్ట్రలో తారాబాయి మోదక్ 1945లో బోర్డి అనే ఊళ్లో చిన్నపిల్లల చదువు పని మొదలుపెట్టారు. పేద పిల్లలు బడికి రావడం లేదని గమనించి, బడినే వాళ్ల వాడలోకి, వాకిట్లోకి తీసుకెళ్లారు. ఆమెతో పనిచేసిన అనుతాయి వాఘ్, పశువుల వెంట వెళ్లే పిల్లల కోసం మేత బీళ్లలోనే బడి నడిపారు. 1975 అక్టోబర్ 2న చిన్నపిల్లల కోసం ఐసీడీఎస్ అనే ప్రభుత్వ పథకం మొదలయ్యాక ఆ అంగన్వాడీ పేరు ఊరూరికీ వచ్చింది. పేరు వచ్చింది కానీ, మన నగరంలో చాలాచోట్ల వాకిలి రాలేదు. అద్దెకు తీసుకున్న ఒక్క గది, అందులోనే గుడ్ల ట్రేలు, బియ్యం బస్తాలు, బరువు చూసే తూకం, పిల్లలు. అక్కడి టీచర్లను నేను ఏమాత్రం తప్పుపట్టను. ఆ గదిలో అంతకన్నా చేయడం ఎవరికైనా కష్టమే.

అందుకే మేం పార్కు వెంట పడ్డాం. మా బస్తీకి రెండు వీధుల అవతల మంచి పార్కు ఉంది. వేపలు, కానుగలు, ఒక పెద్ద రావిచెట్టు. పొద్దున నడకవాళ్లు వెళ్లిపోగానే తాళం. మళ్లీ సాయంత్రమే తీస్తారు. మధ్యలో ఆ నీడంతా ఎవరికీ పనికిరాకుండా పోయేది. అడిగితే "చిన్నపిల్లలు పాడుచేస్తారు" అన్నారు. మర్రిచెట్ల వాళ్ల దగ్గర నేర్చుకున్నదే మేమూ చేశాం. తల్లులం పది మందిమి కూర్చుని లెక్కపెట్టాం: మా చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఆరేళ్లలోపు పిల్లలు ఎందరు, వాళ్లలో నడవలేనివాళ్లు, వినబడనివాళ్లు, చూపు తక్కువున్నవాళ్లు ఎందరు, పార్కులో నీడ ఎన్ని గంటలకు ఎక్కడ పడుతుంది. అన్నీ ఒక నోటుబుక్కులో రాశాం. సంతకాలు పెట్టించాం. వేలిముద్రలు కూడా ఉన్నాయి. మూడుసార్లు వెనక్కి పంపారు. నాలుగోసారి పిల్లలనే వెంటబెట్టుకుని వెళ్లాం. పది నుంచి పన్నెండు దాకా గేటు తీయడానికి ఒప్పుకున్నారు.

గేటు తెరిస్తే పని అయిపోలేదు. నడవడానికి ఆసరాగా కాళ్లకు క్యాలిపర్లు కట్టుకున్న పాపకు గులకరాళ్ల దారి నరకం. ఒక మేస్త్రి, ఆ పాప మేనమామే, మిగిలిపోయిన తాండూరు బండలు తెచ్చి గేటు నుంచి రావిచెట్టు దాకా పరిచాడు. చూపు లేని బాబు కోసం చెట్టు చెట్టుకూ నడుమ తాడు కట్టాం. ఆ తాడు పట్టుకుని నడవడం ఇప్పుడు అందరికీ ఆటే, కళ్లు మూసుకుని మరీ నడుస్తారు. వేప బెరడు గరుకు, కానుగ బెరడు నునుపు అని మాకు చెప్పింది ఆ బాబే. కుక్కలు, పురుగూ పుట్రా, ఎండ... ఈ భయాలు నిజమైనవే. రోజూ ఇద్దరు పెద్దవాళ్లు ముందుగా వెళ్లి చూసొస్తారు. బట్టలు మట్టి అవుతాయని గొడవపడిన ఒకమ్మ, బతుకమ్మ ముందు పిల్లలు గునుగు, తంగేడు పూలు రంగురంగులుగా వేరు చేస్తుంటే చూసి, మర్నాడు తనే పాత బట్టలు వేసి పంపింది.

మన నగరంలో పిల్లలకు చూపించాల్సినవి ఎన్నో ఉన్నాయి. హైదరాబాదులో అక్కడక్కడా కనిపించే పెద్ద పెద్ద రాతిగుట్టలే చూడండి, 250 కోట్ల ఏళ్ల నాటివి. వాటిని పగలగొట్టకుండా కాపాడాలని 1996లో కొందరు సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంఘం పెట్టుకుని జనాన్ని బండల మధ్య నడిపించారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు దాదాపు 150 మంది ఆ చెట్టెక్కి బతికారని చెప్పుకుంటారు. కిందటి చలికాలంలో మా పిల్లలను అక్కడికి తీసుకెళ్లాం. కథ చెప్పాక ఒక పాప అడిగింది, "నడవరానోళ్లు ఎట్లెక్కిండ్రు?" అని. నేను జవాబు వెతుక్కుంటుంటే, క్యాలిపర్ల పాపే చెప్పింది: "పైనున్నోళ్లు చేయిచ్చి గుంజిండ్రు."

ఇప్పుడు ఆ పార్కు రెండో తాళంచెవి అంగన్వాడీలో, పలకల పక్కన మేకుకు వేలాడుతుంటుంది. పదయ్యేసరికి అందరికన్నా ముందు దాన్ని అందుకునేది ఇంకా సరిగా మాటలు రాని మా బాబే.