జేబులో పట్టే లెక్కల పెట్టె ఎలా ఉండాలి?

శ్రోతలకు నమస్కారం.

బిల్లు 1,180 రూపాయలు. అందులో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంది. పన్ను ఎంత? చాలామంది 1,180లోంచి 18 శాతం తీసేస్తారు. 967 రూపాయల 60 పైసలు మిగులుతుంది. అది సరుకు ధర కాదు. 1,180ని 1.18తో భాగించాలి. అప్పుడు ధర 1,000, పన్ను 180. ఇందులో క్యాలిక్యులేటర్ తప్పేమీ లేదు, అడిగిన లెక్కే చేసింది. కాకపోతే ఏ లెక్క చేసిందో చెప్పలేదు. రేపటి జేబు క్యాలిక్యులేటర్‌లో ముందు మారాల్సింది ఇదే.

పర్సెంట్ బటన్ సంగతి మరీ గందరగోళం. 100 ప్లస్ 20 పర్సెంట్ అని నొక్కితే ఒక మోడల్ 120 అంటుంది. ఇంకొకటి 125 అంటుంది. అమ్మే ధర మీద 20 శాతం లాభం రావాలని దాని లెక్క. 2 ప్లస్ 3 ఇంటూ 4 అంటే షాపు క్యాలిక్యులేటర్ నొక్కిన వరసలోనే పోయి 20 చూపిస్తుంది, సైంటిఫిక్‌ది ముందు గుణించి 14 చూపిస్తుంది. దేని పద్ధతి దానిది. అందుకే తెర మీద కనీసం మూడు వరసలు కావాలి: నొక్కింది పైన, యంత్రానికి అర్థమైంది నడుమ, జవాబు కింద. అంకెల మధ్య కామాలు కూడా లక్షలు, కోట్ల చొప్పున పడాలి.

ఫోన్ ఉండగా ఇదెందుకు అంటారా? 2017లో ఐఫోన్ క్యాలిక్యులేటర్‌లో 1 ప్లస్ 2 ప్లస్ 3 గబగబా కొడితే 24 వచ్చేది. బటన్ మెరిసే యానిమేషన్ పూర్తికాకముందే నొక్కిన రెండో ప్లస్‌ను అది వదిలేసేది. అంటే 1 ప్లస్ 23 అయిందన్నమాట. తర్వాత సరిచేశారు. బేరం మధ్యలో తల ఎత్తకుండా లెక్క కొట్టేవాళ్లకి మాత్రం వేలికి తగిలే బటన్, 5 మీద చిన్న బొడిపె ఉండాల్సిందే.

ఆ బటన్ కింద ఉండేది రబ్బరు గుబ్బ, దాని అడుగున నల్లటి కార్బన్ బిళ్ల. నొక్కగానే ఆ బిళ్ల సర్క్యూట్ బోర్డు మీది రెండు గీతల్ని కలుపుతుంది. చెమట, పిండి, దుమ్ము చేరితే ఒక నొక్కుకి రెండు అంకెలు పడతాయి, లేదంటే అసలు పడవు. ఇప్పుడు చాలావాటిని విప్పడమే కష్టం. రెండు స్క్రూలు తీస్తే రబ్బరు షీటు బయటికి రావాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదితో తుడిచి, ఆరనిచ్చి బిగించేలా ఉంటే పదేళ్లు నడుస్తుంది.

కరెంటు పెద్ద సమస్య కాదు. సగటున 20 మైక్రోఆంపియర్లు లాగే యంత్రానికి 220 మిల్లీఆంపియర్ అవర్ల సీఆర్2032 బిళ్ల బ్యాటరీ దాదాపు 11,000 గంటలు వస్తుంది. దానికి తోడు చిన్న సోలార్ పట్టీ చాలు. పెన్సిల్ సెల్స్ మాత్రం వద్దు. వాడకుండా పడేస్తే కారి స్ప్రింగుల్ని తినేస్తాయి. తెర బ్యాక్‌లైట్ లేని ఎల్సీడీ అయితే ఎండలోనే బాగా కనిపిస్తుంది. మే నెలలో కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే నల్లబడుతుంది, చల్లారాక సాధారణంగా మామూలవుతుంది.

ఇక మన లెక్కలు. ఎకరానికి ఆంధ్రలో 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు. సెంటు 48.4 చదరపు గజాలు, గుంట 121. ఒక్క బటన్‌తో ఇవి మారాలి. పన్ను బటన్ మీద శాతం అచ్చు వేయకూడదు, మనమే నింపుకోవాలి. 2025 సెప్టెంబరులో జీఎస్టీ శ్లాబులు మారాయి కదా.

వడ్డీకి ప్రత్యేకంగా ఒక బటన్ ఉండాలి. 50,000 అసలు, నూటికి రెండు రూపాయల వడ్డీ, నోటు తేదీ 12 జూన్ 2023, తీర్చేది 27 ఆగస్టు 2025 అనుకుందాం. నెలకు 30 రోజుల చొప్పున ఊరి లెక్కలో 26 నెలల 15 రోజులు, వడ్డీ 26,500. ఏడాదికి 24 శాతం అని 365తో రోజులు లెక్కిస్తే 807 రోజులు, వడ్డీ 26,531 రూపాయల 51 పైసలు. రెండింటినీ పక్కపక్కనే చూపి, ఏది నెలల లెక్కో ఏది రోజుల లెక్కో ఆ తెర మీదే రాయాలి.

నమస్కారం.