వెబ్ డెవలపర్ల సదస్సు: టికెట్ ధర ఎక్కడ తేలుతుంది?

శ్రోతలకు నమస్కారం.

రైలు టికెట్ కొన్నా, కరెంటు బిల్లు కట్టినా, పిల్లల పరీక్షా ఫలితాలు చూసుకున్నా వాటి వెనుక వెబ్‌సైట్లు తయారుచేసే వెబ్ డెవలపర్ల పని ఉంటుంది. ఈ వృత్తిలో పనిముట్లు తరచూ మారిపోతుంటాయి కనుక, వాటిని రోజూ వాడేవారు అప్పుడప్పుడు ఒకచోట చేరి తెలిసింది చెప్పుకోవడానికి, తెలియనిది అడిగి తెలుసుకోవడానికి సదస్సులు పెట్టుకుంటారు. వీటిలో కొన్ని పెద్ద హోటళ్లలో వేల రూపాయల టికెట్‌తో జరుగుతాయి. లాభాపేక్ష లేకుండా స్వచ్ఛంద కార్యకర్తలు నడిపేవి, విద్యార్థులూ చిన్న ఉద్యోగులూ సొంత డబ్బుతో రాగలిగేవి మరికొన్ని ఉన్నాయి. ఈ రెండో రకం సదస్సు ఎలా సాధ్యమవుతుందో ఈ ప్రసంగంలో చూద్దాం.

వెబ్‌సైట్లు తయారుచేసుకోవడానికి ఎందరో వాడే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ పేరిట 2006లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదటి వర్డ్‌క్యాంప్ జరిగింది. వర్డ్‌ప్రెస్ స్థాపకుల్లో ఒకరైన మాట్ ముల్లెన్‌వెగ్ దానిని ఏర్పాటు చేశారు. ఆ తరువాత అదే పేరుతో అనేక దేశాల్లో, స్థానికుల చేతుల మీదుగా సదస్సులు జరుగుతూ వచ్చాయి. నిర్వాహకులకు గాని, ప్రసంగించేవారికి గాని పారితోషికం ఉండదు. టికెట్ రోజుకు పాతిక డాలర్లు దాటకుండా చూడాలని మార్గదర్శకాలు చెబుతూ వచ్చాయి. ఆ డబ్బుతో అసలు ఖర్చు తీరదు. మిగతాది ప్రాయోజకులు, అంటే స్పాన్సర్లు, భరిస్తారు. స్తోమత ఉన్నవారు కావాలనుకుంటే ఒక మనిషికయ్యే పూర్తి ఖర్చు చెల్లించి వచ్చే టికెట్ కూడా విడిగా ఉంటుంది. ఎవరు ఏ టికెట్ కొన్నా కూర్చునేది ఒకే హాల్లో, తినేది ఒకే భోజనం.

దీనికి భిన్నమైన పద్ధతి బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో కనిపిస్తుంది. ఎవరైనా వాడుకొని మార్చుకోగలిగే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ డెవలపర్ల కోసం ఇరవై ఏళ్లకు పైగా అక్కడి విశ్వవిద్యాలయ ప్రాంగణంలో జరుగుతున్న ఫాస్‌డెమ్‌కు టికెట్ లేదు, ముందస్తు నమోదు కూడా లేదు. తలుపులు తెరిచే ఉంటాయి. వేలమంది వస్తారు. గది నిండితే తలుపు మీద నిండిపోయిందని కాగితం పెడతారు, ఆలస్యంగా వచ్చినవారు మరో గదికి వెళతారు. ఇంత పెద్ద సభకు ఉచిత ప్రవేశం ఎలా వీలవుతుందని ఆలోచిస్తే కారణాల్లో ఒకటి చాలా మామూలుది: అక్కడ భోజనం పెట్టరు, ఎవరి తిండి వారు కొనుక్కుంటారు.

లెక్క అంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. హాలు, మైకులు, వీడియో చిత్రీకరణ వంటి ఖర్చులు ఎంతమంది వచ్చినా పెద్దగా మారవు. భోజనం, టీ, టీషర్టు మాత్రం తలకింత చొప్పున పెరుగుతూ పోతాయి. ఉదాహరణకు స్థిరమైన ఖర్చు లక్షన్నర, తలసరి ఖర్చు 700 రూపాయలు అనుకుందాం. మూడువందల మంది వస్తే ఒక్కొక్కరి మీద 1,200 పడుతుంది. ఆరువందల మంది వస్తే హాలు వాటా 500 నుంచి 250కి దిగుతుంది గాని, ఆ 700 ఒక్క రూపాయి కూడా తగ్గదు. కాబట్టి టికెట్ ధర తగ్గించాలనుకునేవారు మొదట తెంచుకోవలసింది టీషర్టు, సంచి, జ్ఞాపిక వంటి వాటి మీది మోజు. భోజనం విషయంలో మాత్రం మనవాళ్లు ఊరుకోరు. పిలిచి తిండి పెట్టలేదనే మాట పడటానికి ఏ నిర్వాహకుడూ సిద్ధపడడు. భోజనం పెట్టదలిస్తే ఎంతో కొంత టికెట్ ఉండటమే మేలు. పూర్తిగా ఉచితమైతే పేరు రాయించుకొని రానివారు ఎక్కువవుతారు, వండించిన అన్నం వృథా అవుతుంది.

ఇక వేదిక. 2009లో భారతదేశపు మొదటి పైకాన్, అంటే పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాసేవారి సదస్సు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో జరిగింది. 2023లో అదే సదస్సుకు హైదరాబాద్ జేఎన్‌టీయూ వేదికైంది. మన ఇంజినీరింగ్ కళాశాలల్లో పెద్ద ఆడిటోరియాలు సెలవు రోజుల్లో ఖాళీగానే ఉంటాయి. కుర్చీలు, ప్రొజెక్టరు, జనరేటరు అక్కడే దొరుకుతాయి. అయితే కళాశాలలో సభ అనగానే జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, యాజమాన్యం తరఫున నలుగురి ఉపన్యాసాలు వచ్చిపడతాయి. పదిన్నరకు మొదలు కావలసిన మొదటి ప్రసంగం పన్నెండు దాకా మొదలవదు. సన్మానాలు ఎన్ని నిమిషాలో ఒప్పందం రోజే మర్యాదగా మాట్లాడుకోవడం మంచిది.

ప్రాయోజకుల సొమ్ము గురించి కొత్తవారికి తెలియని ఇబ్బంది ఒకటుంది. కంపెనీ ఇస్తామని చెప్పిన డబ్బు తరచుగా సదస్సు ముగిశాక గాని చేతికి రాదు. హాలుకు, వంటవారికి అడ్వాన్సు మాత్రం ముందే కట్టాలి. పైగా కంపెనీలు వ్యక్తుల ఖాతాలకు డబ్బు పంపవు. రిజిస్టరైన సంస్థ, దాని పేరిట బ్యాంకు ఖాతా, సరైన ఇన్‌వాయిస్ అడుగుతాయి. పైకాన్ ఇండియాకు వెనుక పైథాన్ సాఫ్ట్‌వేర్ సొసైటీ ఆఫ్ ఇండియా అనే లాభాపేక్ష లేని సంస్థ ఉండటం ఈ విషయంలో పెద్ద బలం. సొంత సంస్థ లేని చిన్న బృందాలు అలాంటి మరో సంస్థ నీడలో మొదటి ఏడాది నడపవచ్చు. డబ్బిచ్చిన కంపెనీకి స్టాలు ఇవ్వవచ్చు, బ్యానరు కట్టవచ్చు; ప్రసంగాల జాబితాలో చోటు మాత్రం అమ్మకూడదు. ఒక్కసారి అమ్మితే సభ ప్రకటనల మేళాగా మారిపోతుంది.

మిగిలింది మనుషుల పని. వచ్చినవారి మెడలో వేలాడే బ్యాడ్జీ ఎప్పుడూ తిరగబడుతుంది కనుక పేరు రెండు వైపులా, పెద్ద అక్షరాల్లో అచ్చువేయించాలి. వేదిక మీద రకరకాల ల్యాప్‌టాప్‌లకు సరిపోయే కేబుళ్లు, మైకుకు అదనపు బ్యాటరీలు ఒకరి బాధ్యతగా ఉండాలి. చాలా వర్డ్‌క్యాంపుల్లో ప్రసంగాలతో పాటు ఒక రోజును సాఫ్ట్‌వేర్‌కు తోడ్పడే పనికి కేటాయిస్తారు. ప్రోగ్రాములు రాయడం రానివారు కూడా ఆ రోజు వర్డ్‌ప్రెస్‌లోని మాటలను తెలుగులోకి తెచ్చే పనిలో కూర్చోవచ్చు.

సదస్సు ముగిసిన వారం పది రోజుల్లో జమా ఖర్చులు, బిల్లులతో సహా, టికెట్ కొన్న ప్రతి ఒక్కరికీ పంపాలి. డబ్బేమైనా మిగిలితే నిర్వాహకులు పంచుకోకుండా వచ్చే ఏడాది హాలు అడ్వాన్సుగా ఖాతాలోనే ఉంచాలి.